నరసాపురంలో పాత చిన్న గిటార్: కొనాలా, వదిలేయాలా?

చిన్నచేతులు (శనివారం, రాత్రి 9:10)

అందరికీ నమస్కారమండి. మాది పాలకొల్లు. కాలేజీ రోజుల నుంచి డ్రెడ్‌నాట్ గిటారే వాయిస్తున్నాను. మనిషిని పొట్టి, గిటార్ పెద్దది. అరగంట వాయిస్తే కుడి భుజం పట్టేస్తోంది. అందుకే చిన్న బాడీ ఉన్న పార్లర్ గిటార్ కోసం చూస్తున్నాను.

నరసాపురంలో మా పిన్ని వాళ్ళ వీధిలో ఒక పెద్దావిడ ఇంట్లో పాతది ఉంటే వెళ్ళి చూశాను. నడుము బాగా సన్నం. నెక్ 12వ ఫ్రెట్ (నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు గీత) దగ్గరే బాడీకి కలుస్తుంది. తీగలు బ్రిడ్జి (బాడీ మీద వాటిని మోసే చెక్క) దగ్గర ఆగకుండా అడుగునున్న రేకు దాకా వెళ్తాయి. లోపల లేబుల్ చిరిగిపోయింది. 12వ ఫ్రెట్ దగ్గర తీగ కింద మూడు రూపాయి బిళ్ళలు పడతాయి, అంత ఎత్తు. "మా మామగారికి అమెరికా దొరలు ఇచ్చారమ్మా" అందావిడ. నాలుగు వేలు చెప్పారు. ఇంకాస్త వేసుకుంటే ఆన్‌లైన్లో కొత్తదే వస్తుంది. ఏం చెయ్యమంటారు?

కొబ్బరాకు (9:14)

ఫొటో ఏదండీ?

తీగలషాపు (9:40)

వద్దమ్మా. రాజమండ్రిలో హార్మోనియంలు, వయొలిన్లు, గిటార్లు బాగుచేస్తూ బతుకుతున్నవాడిని, నా మాట వినండి.

మూడు బిళ్ళల ఎత్తుందంటే నెక్ తీగల లాగుడికి ముందుకు వంగైనా ఉండాలి, బాడీతో కలిసేచోట లేచైనా ఉండాలి. ఇప్పటి గిటార్లలో అయితే నెక్ లోపల ఇనప రాడ్ ఉంటుంది, వంపుని మర తిప్పి సరిచేస్తాం. ఆ కాలపు చవక గిటార్లలో చాలావాటికి తిప్పడానికి ఏమీ ఉండదు. జాయింటే లేస్తే నెక్ ఊడదీసి, కోణం చెక్కి మళ్ళీ అతికించాలి. ఆ పనికి నేను 8,000 తీసుకుంటాను. నాలుగు వేల గిటార్‌కి ఎనిమిది వేల వైద్యం.

ఇక మన గాలి. గిటార్‌కి 45 నుంచి 55 శాతం తేమ మంచిదంటారు. వానాకాలంలో మన ఇళ్ళలో గోడలే చెమర్చుతాయి. పాత గిటార్లు అతికించింది జంతు చర్మం ఉడకబెట్టి తీసిన జిగురుతో. వేడీ తేమా కలిస్తే అది మెత్తబడుతుంది. మే నెలలో కారులో పెట్టి మర్చిపోయారంటే మీరు తిరిగొచ్చేసరికి నెక్ ఒకటి, బాడీ ఒకటి.

కొత్తది కొనుక్కోండి.

రేవుగట్టు (10:25)

తీగలషాపు గారు గిటార్ని చూడకుండానే పోస్టుమార్టం చేసేశారు.

అమ్మా, మీరు చెప్పిన గుర్తులన్నీ (12 ఫ్రెట్ల జాయింటు, రేకు టెయిల్‌పీస్, సన్న నడుము) అమెరికాలో పేదల కోసం చేసిన గిటార్ల గుర్తులు. స్టెల్లా అనే పేరు వినే ఉంటారు. న్యూజెర్సీలో ఆస్కార్ ష్మిట్ కంపెనీ చేసేది, 1939లో షికాగో హార్మొనీ వాళ్ళు ఆ పేరు కొనుక్కున్నారు. బర్చ్ చెక్క, లోపల అడ్డంగా వేసిన బద్దీలు. వాటినే ల్యాడర్ బ్రేసింగ్ అంటారు. ఖరీదైన వాటిలో ఇంటూ ఆకారంలో వేస్తారు. అడ్డబద్దీల గిటార్‌లో స్వరం గబుక్కున లేచి గబుక్కున ఆగిపోతుంది, బేస్ తక్కువ. స్ట్రమ్మింగ్‌కి డొల్లగా ఉంటుంది గానీ వేళ్ళతో మీటితే ఏ తీగకి ఆ తీగ విడిగా వినబడుతుంది. అమెరికా బ్లూస్ గాయకుడు లెడ్ బెల్లీ వాయించిన 12 తీగల గిటార్ స్టెల్లాయే. ఆ నాదం మీ ఆన్‌లైన్ కొత్తదాంట్లో రాదు.

ఎత్తు సంగతికొస్తే, టెయిల్‌పీస్ ఉన్నదాంట్లో బ్రిడ్జి చాలావరకు అతికించరు, ఊరికే నిలబెడతారు. తీసి అడుగు అరగదీస్తే యాక్షన్, అంటే తీగల ఎత్తు, దిగుతుంది. సన్న తీగలు వేసి, రెండు ఫ్రెట్లు దించి శృతి చేసుకోండి. లాగుడులో అయిదో వంతు తగ్గిపోతుంది. ఇంకో యాభై ఏళ్ళుంటుంది.

తీగలషాపు (10:41)

బ్రిడ్జి మరీ అరగదీస్తే తీగ దాని మీద ఒత్తి కూర్చోదు, గరగరమంటుంది. మాస్టారికి తెలియనిది కాదు.

రెండు ఫ్రెట్లు దించితే ఆ అమ్మాయి ఎవరితో కలిసి వాయిస్తుంది? పక్కన కీబోర్డు ఉంటే?

రేవుగట్టు (10:44)

కాపో అనే వస్తువు ఒకటుందండి, తీగలన్నిటినీ ఒకేసారి నొక్కిపట్టే క్లిప్పు. రెండో ఫ్రెట్‌కి తగిలిస్తే మళ్ళీ మామూలు శృతే.

తీగలషాపు (10:52)

కాపో వేశాక 12వ ఫ్రెట్ జాయింటు కాస్తా పదో ఫ్రెట్ జాయింటు అవుతుంది. పైకి వెళ్ళడానికి చోటేదీ?

రేవుగట్టు (10:55)

పైకెళ్ళి ఏం వాయిస్తారు? ఆవిడ భుజం నొప్పంటోంది, సోలోలు అనలేదు.

కొబ్బరాకు (11:02)

ఆయ్. రాత్రి పదకొండింటికి రెండు ఫ్రెట్ల కోసం రెండు జిల్లాలు కొట్టుకుంటున్నాయి.

కోయిర్‌బెంచీ (11:20)

మాది సఖినేటిపల్లి. చర్చిలో వాయిస్తాను. మా పెద్దలు ఏ శృతిలో పాట ఎత్తుకుంటారో ఎత్తుకునేదాకా వాళ్ళకే తెలియదు, కాపో లేకపోతే మాకు గడవదు. కాబట్టి అదో సమస్య కాదండి.

అసలు ఇబ్బంది వేరే. చిన్న గిటార్ మైకు లేకుండా నలభై మంది పాడేచోట వినబడదు. ఇంట్లో వాయించుకోవడానికైతే హాయి. చిన్నచేతులు గారూ, మీకు ఎక్కడ వాయించాలని?

చిన్నచేతులు (11:24)

ఇంట్లోనేనండి. రాత్రిపూట, పిల్లలు పడుకున్నాక.

యానాంవంతెన (ఆదివారం, ఉదయం 7:05)

ఎవరూ అడగని ప్రశ్న ఒకటుంది. అది అమెరికాదని ఎవరు చెప్పారు? 1836లో ఇండియాకొచ్చి, తర్వాత నరసాపురంలో దిగిన మిషనరీలు బౌడెన్, బీర్ గార్లు, ఇద్దరూ ఇంగ్లండు వాళ్ళు. అమెరికా లూథరన్లది రాజమండ్రి వైపు. కాకినాడలో కెనడా బాప్టిస్టులు. ప్రతి ఇంట్లో పాత వస్తువుకీ ఒక దొర దొరుకుతాడు.

నా అనుమానం ఇది కలకత్తా గిటార్ అని. 1940లలో హవాయి నుంచి వచ్చిన టౌ మో కలకత్తాలో ఉండి హవాయన్ గిటార్ నేర్పాడు. తర్వాత బెంగాల్లో అది ఇంటింటి వాద్యమైపోయింది. ఒళ్ళో పడుకోబెట్టి, ఇనప కడ్డీ జార్చుతూ వాయిస్తారు. అందుకోసం తీగల్ని కావాలనే ఎత్తుగా కడతారు. నెక్ పాడవలేదు, అది అలాగే పుట్టింది! మొదటి ఫ్రెట్ దగ్గర కూడా ఎత్తుగా ఉందేమో చూడమనండి. ఉంటే నట్ (నెక్ పైచివర తీగలు ఆనే చిన్న బద్ద) మారిస్తే చాలు, వందల్లో తేలే పని.

రేవుగట్టు (8:30)

రాజమండ్రికీ నరసాపురానికీ సంబంధాలు కలవవా అండీ? పెళ్ళికూతుళ్ళు వెళ్ళారు గానీ గిటార్ వెళ్ళలేదా? నా కళ్ళకి అది అమెరికాదే.

తీగలషాపు (8:48)

ఫొటోయే లేదు, కళ్ళకి ఎలా కనబడిందో.

రేవుగట్టు (9:15)

సరే, ఇక దాచుకోను. నాకు రిపేరు వాళ్ళ మాట మీద నమ్మకం పోయి చాలా కాలమైంది. నా దగ్గర 1960ల నాటి హార్మొనీ ఒకటుండేది. బ్రిడ్జి వెనకవైపు కాగితం దూరేంత లేచింది. రాజమండ్రిలో ఒక షాపులో ఇచ్చాను, పేరు చెప్పను. పాత జిగురు గీకకుండా దాని మీదే ఎపాక్సీ పోసి బిగించారు. ఆర్నెల్లకి మళ్ళీ లేచింది, ఈసారి టాప్ (బాడీ పైపలక) చెక్క పీచుతో సహా పెచ్చుగా ఊడొచ్చింది. చర్మం జిగురైతే కాస్త వేడి, కాస్త నీళ్ళు తగిలించి విడదీసుకోవచ్చు. ఎపాక్సీని ఏం చేస్తాం? ఆ తర్వాత అదే షాపాయన "పాతవి ఎందుకండీ, కొత్తది తీసుకోండి" అని కొత్తది చేతిలో పెట్టబోయాడు. కొత్తది అమ్మితే కమీషన్ వస్తుంది కదా. ఇక్కడ "వద్దమ్మా" అనేవాళ్ళ లెక్క కూడా అదే.

తీగలషాపు (9:50)

నేను కొత్తవి అమ్మను. ఒక్కటీ అమ్మను. ఎపాక్సీ ముట్టను. ఎవరో చేసినదానికి నన్ను నిలబెట్టారు కాబట్టి నేనూ దాచుకోను.

కాకినాడ వైపు ఒక రిటైర్డ్ టీచరమ్మ గారింట్లో ఒకాయన చిన్న గిటార్ని 2,500కి కొన్నారు. ఇలాంటిదే. నా దగ్గరికి తెచ్చారు. నెక్ ఊడదీశాను, వదులైన బద్దీలు మూడు అతికించాను, ఫ్రెట్లు మార్చాను. టాప్ వెనక బద్దీ మీద పెన్సిలుతో ఎవరో పేరు రాసుకున్నారు, చిన్నపిల్లల రాత. అది చెరిగిపోకుండా చుట్టూ టేపు వేసి పనిచేశాను. 9,000 అడిగితే బేరమాడి ఆరు ఇచ్చారు. కొన్నాళ్ళకి అదే గిటార్ ఆన్‌లైన్లో 48,000. కింద పెద్ద కథ, మిషనరీ దొరసాని అనీ, చర్చి అనీ. టీచరమ్మ గారి అమ్మాయి ఆ ఫొటో చూసి, వాళ్ళనీ వీళ్ళనీ కనుక్కుని నా షాపుకొచ్చింది. "లోపల నా పేరుంటుందండీ, మీరు చూశారా" అని అడిగింది.

మాస్టారూ, అందుకే వద్దంటున్నాను. తేమ, నెక్ అన్నీ నిజమే, కానీ నాకు మండేది అక్కడ కాదు. ఏం తెలియనివాళ్ళ ఇంటికెళ్ళి, "పాతదేలెండి, పనికిరాదు" అని నీరసంగా మొహం పెట్టి కొనుక్కొచ్చే ఈ వేట నాకు నచ్చదు.

కొబ్బరాకు (9:58)

మా కొబ్బరికాయలదీ ఇదే కథ. కాయ మాది, రేటు దళారీది.

రేవుగట్టు (10:40)

ఆ ఒకాయన నేను కాదు. కానీ ఆయన తరఫున మాట్లాడతాను.

ధర చెప్పింది ఎవరు? అమ్మినవాళ్ళే. నేను కొన్న పాతవాటిలో సగం నిలబడలేదు, చెదలు తిన్నవే ఉన్నాయి. ఆ నష్టం ఎవరూ పంచుకోలేదే? ఏ బద్దీ ఏ కంపెనీదో గుర్తుపట్టడం నాకు ఊరికే రాలేదు. నాలాంటివాడు తలుపు తట్టకపోతే ఆ గిటార్ పాతసామాన్ల బండిలో తూకానికి పోయేది. రేకు వరకు పీక్కుని చెక్క పొయ్యిలో పెట్టేవారు. నా తెలివికి ఖరీదు లేదా?

తీగలషాపు (10:52)

మీ తెలివికి ఖరీదుంది. నా చేతికి మాత్రం మూడు వేలు తగ్గింపు. దాచినవాళ్ళకి 2,500.

రేవుగట్టు (10:57)

అయితే మీరూ 48,000కి అమ్ముకోండి, ఎవరు ఆపారు?

నిర్వాహకులు (11:05)

వ్యక్తిగతంగా వద్దు. అడిగిన ప్రశ్నకి రండి.

చిన్నచేతులు (11:30)

నేను కొనేది వాయించుకోవడానికండి, అమ్మడానికి కాదు. కానీ ఇదంతా చదివాక ఆవిడ ముందు నాలుగు వేలు పెట్టాలంటే చెయ్యి ఆడట్లేదు. అది నిజంగా అమెరికాదైతే ఆవిడకి చెప్పాలా?

రేవుగట్టు (11:36)

చెప్పారో, సాయంత్రానికి నలభై వేలంటారు. మీరు కొనరు, ఇంకెవరూ కొనరు. మళ్ళీ అటకెక్కుతుంది.

యానాంవంతెన (11:41)

కలకత్తాదైతే ఈ గొడవే ఉండదు. దాని విలువే నాలుగైదు వేలు. అందుకే పొద్దున్నే ఆ ప్రశ్న అడిగాను. మీరు దొరల మీద పడ్డారు.

తీగలషాపు (11:55)

అమ్మా, వెళ్ళేటప్పుడు చిన్న అద్దం, టార్చి, పొడుగు స్కేలు, ఒక పోస్టుకార్డు తీసుకెళ్ళండి. తీగని ఒక వేలితో మొదటి ఫ్రెట్ దగ్గర, ఇంకో వేలితో 12వ ఫ్రెట్ దగ్గర నొక్కండి. ఆరో ఫ్రెట్ మీద ఖాళీలో పోస్టుకార్డు ఒక్కటే దూరితే నెక్ తిన్నగా ఉన్నట్టే. స్కేలుని ఫ్రెట్ల మీద పొడుగ్గా పెట్టి బ్రిడ్జి వైపు జరపండి. దాని చివర బ్రిడ్జి నెత్తి దగ్గరికి వస్తే జాయింటు కూడా బాగున్నట్టే. బ్రిడ్జికి బాగా కిందుగా పోతే వదిలేసి వచ్చేయండి. లోపల అద్దం పెట్టి బద్దీల చివర్లు చూడండి. వేలితో టాప్ మీద తట్టినప్పుడు చిటచిటమంటే బద్దీ వదులైనట్టు. సన్నటి పొడి రాలితే పురుగు.

ఆవిడకి చెప్పాలా అని నన్నడిగితే, చెప్పండి.

చిన్నచేతులు (రాత్రి 8:15)

వెళ్ళొచ్చానండి. పోస్టుకార్డు ఒక్కటే దూరింది. స్కేలు బ్రిడ్జి నెత్తికి వెంట్రుకవాసి కింద ఆగింది. మొదటి ఫ్రెట్ దగ్గరే తీగ కింద బిళ్ళ దూరింది, అంటే యానాం ఆయన చెప్పినట్టు నట్ ఎత్తుదే. పురుగు లేదు. ఒక బద్దీ చివర మాత్రం చిటచిటమంటోంది. లేబుల్ మిగిలిన ముక్క మీద ఆఖరి మూడు అక్షరాలే చదవగలిగాను, ఇంగ్లీషులో "టీ టీ ఏ".

ఇక్కడ అనుకున్నదంతా ఆవిడకి చెప్పేశాను. కలకత్తాదే అనిపిస్తోందనీ, అమెరికాదైతే ఎక్కువ పలకొచ్చనీ. ఆవిడ హైదరాబాద్‌లో ఉన్న అబ్బాయికి ఫోన్ చేసింది. ఆయన ఎనిమిది వేలన్నారు.

రేవుగట్టు (8:19)

చూశారా!

యానాంవంతెన (8:21)

కలకట్టా! ఆ స్పెల్లింగు చివర అవే మూడు అక్షరాలు.

తీగలషాపు (8:34)

కలకత్తాదానికి ఎనిమిది ఎక్కువ. ఆరుకి అడగండి. నట్ మార్చడం, ఆ బద్దీ అతికించడం కలిపి నాకు 900 ఇవ్వండి, బేరం లేదు. తీగలు 10 గేజి (తీగ లావు కొలత) కన్నా లావువి వెయ్యొద్దు. 12 గేజి సెట్టు మామూలు శృతిలో 70 కిలోల పైన లాగుతుంది, అంత బరువు దీనికి అనవసరం.

చిన్నచేతులు (8:50)

ఆరున్నరకి ఒప్పుకున్నారు. బుధవారం రాజమండ్రి తెస్తాను అన్నయ్యగారూ.

రేవుగట్టు (8:58)

కలకత్తా గిటార్‌కి ఆరున్నర! నన్ను తీసుకెళ్ళి ఉంటే మూడుకి ఇప్పించేవాణ్ణి.

తీగలషాపు (9:00)

అందుకే తీసుకెళ్ళలేదు మాస్టారూ.