పిల్లలున్న ఇంట్లో సేల్‌లో గేమ్‌లు కొనడం: తెలివా, దండగా?

గుంటూరు_గేమర్:
మా పాపకి నాలుగేళ్ళు. పడుకునేసరికి తొమ్మిదిన్నర, పది అవుతుంది. ఆ తర్వాత నాకు మిగిలేది ముప్పావుగంట, అదీ రోజూ కాదు. పీసీ గేమ్‌లు అమ్మే స్టీమ్‌లో సమ్మర్ సేల్ మొదలైంది కదా, కార్ట్‌లో తొమ్మిది గేమ్‌లు పెట్టాను. అన్నీ కలిపినా రెండు వేలు దాటలేదు. విచర్ 3, స్టార్డ్యూ వ్యాలీ, స్లే ద స్పైర్, వాంపైర్ సర్వైవర్స్, ఇంకా కొన్ని ఉన్నాయి. మా ఆవిడ చూసి "పోయినసారి కొన్నవి ఆడావా?" అంది. ఏం చెప్పను? చవగ్గా దొరికినప్పుడు కొని పెట్టుకోవడం మంచిదేనా? మీరంతా ఏం చేస్తున్నారు?

పాత_పీసీ:
దండగ. ఆషాఢం సేల్‌లో కొని బీరువాలో పడేసిన చీరలకీ మీ స్టీమ్ లైబ్రరీకీ తేడా లేదు. స్టీమ్‌లో ఏడాదికి నాలుగు పెద్ద సేల్‌లు వస్తాయి. విష్‌లిస్ట్‌లో పెట్టుకుంటే ధర తగ్గినప్పుడు మెయిల్ కూడా వస్తుంది. ఇవాళ కొనకపోతే కొంపేమీ మునగదు.

అసలు ఎవరూ ఆలోచించనిది రీఫండ్. కొన్న 14 రోజుల్లోపు, ఆడింది 2 గంటల్లోపు ఉంటే కారణం ఏదైనా డబ్బు వెనక్కి ఇస్తారు. పెళ్ళికాని కుర్రాడు కొన్న రాత్రే రెండు గంటలు ఆడి తేల్చుకుంటాడు. మీకు దొరికేది రోజుకి ముప్పావుగంట. తొమ్మిది గేమ్‌లు ఒకేసారి కొంటే గడువులోపు తెరిచేది ఒకటో రెండో. మిగతావి నచ్చినా నచ్చకపోయినా మీ నెత్తినే. ఒక్కటి కొనండి, చివరిదాకా ఆడండి, అప్పుడు ఇంకోటి చూడండి.

ఒక్క_రన్_అంతే:
రీఫండ్ మాట నిజమే. చివరిదాకా ఆడి తీరాలని ఎవరు పెట్టారు రూలు? ఇదేమైనా సిలబస్సా?

గుంటూరు గారూ, విచర్ 3 మాత్రం తీసేయండి. గేమ్ బాగుండక కాదు. కథ ఒక్కటే యాభై గంటల దాకా ఉంటుంది. పిల్లకి జ్వరం వచ్చి వారం గ్యాప్ వస్తే, తిరిగి తెరిచేసరికి ఎవరిని వెతుకుతున్నామో, ఆ బటన్ ఎందుకు నొక్కాలో ఏదీ గుర్తుండదు. వాంపైర్ సర్వైవర్స్ ఉంచుకోండి. మామూలుగా 30 నిమిషాలకి మృత్యువు వచ్చి మనల్ని లేపేస్తుంది, ఆట ఖతం. ఆయుధాలు వాటంతటవే పేలుతుంటాయి, మనం అటూ ఇటూ నడిస్తే చాలు. మా వాడు పాలసీసాతో ఒళ్ళో పడుకుంటే నేను ఒంటిచేత్తో ఆడేవాణ్ని. స్లే ద స్పైర్‌లో కార్డులతో పోరాడుతూ ఒక్కో గది దాటాలి. మధ్యలో ఆపి బయటికొచ్చినా, మళ్ళీ తెరిస్తే ఆ గది మొదట్లోనే ఉంటాం. పొలం పనులు చేసుకునే స్టార్డ్యూ కూడా మనలాంటివాళ్ళకి సరిపోతుంది. అందులో ఒక రోజంటే బయట 14 నిమిషాలు.

పాత_పీసీ:
స్టార్డ్యూ మనలాంటివాళ్ళకా? మీరసలు పీసీలో ఆడారా? అందులో రోజు మధ్యలో సేవ్ లేదు. మన బొమ్మ మంచమెక్కి పడుకుంటేనే సేవ్ అవుతుంది. సాయంత్రం గనిలో ఉండగా పిల్ల లేచిందంటే ఆ రోజు పనంతా పోయినట్టే.

ఒక్క_రన్_అంతే:
మెనూ తెరిస్తే టైమ్ ఆగిపోతుంది సార్. పిల్లని పడుకోబెట్టి వచ్చి మళ్ళీ ఆడుకోవచ్చు.

పాత_పీసీ:
ఆగడం వేరు, సేవ్ కావడం వేరు. కరెంటు పోతే?

నెట్‌సెంటర్_2004:
లాప్‌టాప్‌కి బ్యాటరీ ఉంటుంది కదన్నా 😀

పాత_పీసీ:
నాది డెస్క్‌టాప్. యూపీఎస్ బ్యాటరీ చచ్చి చాలా కాలమైంది. మాకు గాలివాన వస్తే చాలు, లైను పోతుంది.

ఫ్రిస్కో_నాన్న:
అమెరికా వచ్చేయండి, కరెంటు పోదు.

నెట్‌సెంటర్_2004:
2021 ఫిబ్రవరిలో మీ టెక్సస్‌లో మంచు పడి ఏం జరిగిందో చూశాం లెండి.

కేపీహెచ్‌బీ_కుర్రాడు:
అసలు డబ్బులెందుకు పెడుతున్నారు? స్టీమ్ లాంటిదే ఎపిక్ స్టోర్, అందులో వారం వారం ఫ్రీ గేమ్ ఇస్తారు. 2020 మేలో జీటీఏ 5 కూడా ఇచ్చారు. ఓపెన్‌టీటీడీ అనే గేమ్ అయితే ఎప్పటికీ ఉచితమే. రైళ్ళు, బస్సులు నడుపుకోవచ్చు, ఏ డొక్కు సిస్టమ్‌లో అయినా ఆడుతుంది.

ఒక్క_రన్_అంతే:
జీటీఏ 5 దించడానికి తొంభై జీబీ పైనే కావాలి తమ్ముడూ. అది దిగేలోపు మా వాడు స్కూల్లో చేరిపోతాడు.

నెట్‌సెంటర్_2004:
నా బాధ వేరే. మా మామగారికి గేమ్ అంటే రమ్మీయే. తెలంగాణలో 2017లో, ఆంధ్రలో 2020లో డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటల్ని నిషేధించారు, 2025లో కేంద్రం కూడా చట్టం చేసింది. ఆ వార్తలన్నీ ఆయన వదలకుండా చూస్తారు. నేనేమో బలాట్రో కొన్నాను. అందులో పైసా పందెం లేదు, ఉత్త పేకముక్కలతో లెక్కల ఆట. యూరప్‌లోనే మొదట 18 ఏళ్ళు దాటినవాళ్ళకే అన్నారు, 2025 ఫిబ్రవరిలో 12కి తగ్గించారు. ఇదంతా మామగారికి ఎలా చెప్పను? వెనక నిలబడి చూసి "ఎంత పోయింది బాబూ?" అన్నారు. మర్నాడు మా బావమరిది ఫోన్.

పాత_పీసీ:
టాపిక్‌కి రండి. ఒక్క_రన్ గారూ, స్టార్డ్యూలో రోజు మధ్యలో సేవ్ ఉందా లేదా? ఒక్క ముక్కలో చెప్పండి.

ఒక్క_రన్_అంతే:
లేదు. అయితే ఏంటి? పోతే పోయేది 14 నిమిషాలే కదా!

రాగిసంగటి:
చాలాసేపటి నుంచి చదువుతున్నాను. నాకిద్దరు పిల్లలు, చిన్నదానికి రెండేళ్ళు. నేనూ ఆడతాను. ఎప్పుడంటే అప్పుడు ఆపేయగలిగే గేమ్ ఎవరికి కావాలో ఒక్కసారి ఆలోచించండి. పిల్ల ఏడిస్తే లేచి వెళ్ళేవాళ్ళకి. మా ఇంట్లో అది నేనే. మా ఆయన ఫ్రెండ్స్‌తో ఆన్‌లైన్‌లో షూటింగ్ గేమ్ ఆడతారు. మ్యాచ్ మధ్యలో లేస్తే టీమ్ ఓడిపోతుందట, పెనాల్టీ కూడా పడుతుందట. అందుకని నేను లేస్తాను. ఆ గేమ్ ఫ్రీ. నేను కొన్నవన్నీ రెండు వందల లోపువి, నేనూ ఆడుతూనే ఉంటాను. నావి మాత్రం మధ్యలో ఆపినా ఎవరికీ నష్టం లేదు కాబట్టి ప్రతిసారీ ఆగేవి నావే. రూపాయల లెక్క ఎంతసేపు వేస్తారు?

పాత_పీసీ:
మేడమ్, మీ ఇంటి గొడవ మీ ఇంట్లో తేల్చుకోండి. ఇక్కడ అడిగింది సేల్ గురించి.

రాగిసంగటి:
ఆయన మొదటి పోస్ట్‌లో సేల్ కంటే ముందు రాసింది పాప పడుకునే టైమ్ గురించి. మళ్ళీ చదవండి.

పాత_పీసీ:
సరే, అడిగారు కాబట్టి చెప్తున్నాను. పొద్దున ఎనిమిదికి బయల్దేరితే రాత్రి ఎనిమిదికి ఇల్లు. ఈఎంఐలు, స్కూల్ ఫీజులు, నాన్నగారి మందులు. బాత్‌రూమ్‌లోకి వెళ్ళినా తలుపు కొడతారు. వారానికి ఒక సాయంత్రం, రెండు గంటలు, తలుపేసుకుని నాకిష్టమైన గేమ్ ఆడుకునే హక్కు నాకు లేదా? ఎవరు పిలుస్తారా అని చెవులు రిక్కించుకుని కూర్చుంటే అది ఆటా, వాచ్‌మన్ డ్యూటీయా? మీరంతా ఒంటిచేత్తో ఆడే గేమ్‌లు, ముప్పై నిమిషాల గేమ్‌లు అంటూ వాటికే అలవాటు పడిపోయారు. చిన్నప్పుడు నెట్ సెంటర్‌లో గంటకి పదిహేను రూపాయలు కట్టినా ఆ గంట నాదే. ఇప్పుడు జీతం నాదే, ఇల్లు నాదే, గంట మాత్రం నాది కాదు.

ఒక్క_రన్_అంతే:
ఇదా సంగతి! దీని కోసమా ఇంతసేపు సేవ్ మీద పడ్డారు? అన్నా, మా ఆవిడ హాస్పిటల్‌లో నైట్ డ్యూటీ నర్సు. వారంలో సగం రాత్రులు ఇంట్లో పెద్దవాణ్ని నేనొక్కణ్నే. తలుపేసుకుంటే తలుపు బయట మా వాడొక్కడే ఉంటాడు. నేను చిన్న గేమ్‌లు ఆడేది అలవాటై కాదు, గతిలేక. అది ఆటే కాదని మీరంటే మాత్రం ఒప్పుకోను. ఆ అరగంట లేకపోతే నాకు పిచ్చెక్కేది.

రాగిసంగటి:
పాత_పీసీ గారూ, రెండు గంటలు కావాలనడంలో తప్పేమీ లేదు, నాకూ కావాలి. ఆ రెండు గంటలు మీ ఇంట్లో ఆవిడకీ ఉన్నాయా? ఏ రోజు?

పాత_పీసీ:
ఆవిడకి గేమ్‌లంటే ఇష్టం లేదు.

రాగిసంగటి:
గేమ్‌ల గురించి అడగలేదు. రెండు గంటల గురించి అడిగాను.

పాత_పీసీ:
రోజూ సీరియల్ చూస్తుంది. అది టైమ్ కాదా?

రాగిసంగటి:
బట్టలు మడతపెడుతూనా, ఉత్తినే కూర్చునా?

ఫ్రిస్కో_నాన్న:
అయిపోయావు బ్రో.

పాత_పీసీ:
అందరూ ఒకవైపు చేరి మాట్లాడటం తేలిక. నేను ఇంట్లో ఏమీ చేయనని ఎవరు చెప్పారు? ఆదివారం వంట నాదే. పెద్దవాడి లెక్కల హోంవర్క్ నాదే.

కేపీహెచ్‌బీ_కుర్రాడు:
ఇవన్నీ చదివాక పెళ్ళి మీద భయం పుడుతోంది.

గుంటూరు_గేమర్:
అయ్యా, అమ్మా, నేను అడిగిందేమిటి, మీరు కొట్టుకుంటున్నదేమిటి! కార్ట్‌లో ఏడు తీసేశాను. స్లే ద స్పైర్, వాంపైర్ సర్వైవర్స్ ఉంచాను. మిగతావి విష్‌లిస్ట్‌లోకి పోయాయి. నాది పాత ఐ3 లాప్‌టాప్, 4 జీబీ ర్యామ్, విడిగా గ్రాఫిక్స్ కార్డ్ లేదు. నడుస్తాయా?

ఒక్క_రన్_అంతే:
రెండూ నడుస్తాయి. వాంపైర్‌లో చివరి పది నిమిషాలు స్క్రీన్ నిండా దయ్యాలే, అప్పుడు కాస్త పట్టి పట్టి కదులుతుంది. సెట్టింగ్స్‌లో మెరుపులు, డ్యామేజ్ నంబర్లు ఆపేయండి. కొన్న వారంలోపే రెండూ తలా గంట ఆడి చూడండి, నచ్చకపోతే రీఫండ్ పెట్టేయొచ్చు. ఆ విషయంలో మాత్రం పాత_పీసీ అన్న మాట వినండి.

రాగిసంగటి:
ఆ అన్న ఏ రోజో ఇంకా చెప్పలేదు.