పండ్ల టీకి మార్కు వేయాలంటే చక్కెర వేసి తాగాలా, వేయకుండానా?

హన్మకొండ చాయ్ (చర్చ మొదలుపెట్టినవాడు)

మా కాలనీలో నలుగురం కలిసి ఒక పండ్ల హెర్బల్ టీ తెప్పించుకున్నాం. డబ్బా నిండా స్ట్రాబెర్రీ, మామిడి బొమ్మలు. తాగాక ఒకరు తెగ మెచ్చుకున్నారు, ఇంకొకరు రెండో గుక్క ముట్టలేదు. ఏంటా అని ఆరా తీస్తే, నచ్చినవాళ్లు చక్కెర వేసుకున్నారు, నచ్చనివాళ్లు ఉత్తగా తాగారు. అంటే మేం తాగింది ఒకే టీ కాదన్నమాట.

నా మాట సూటిగా చెప్తున్నా. టీ మంచిదా కాదా చెప్పాలంటే ముందు చక్కెర లేకుండా తాగాలి. రెండు చెంచాల చక్కెర పడితే పులుపు అణిగిపోతుంది, వగరు కనబడదు, పాత సరుకు వాసన కూడా దాగిపోతుంది. ఇక తయారుచేసినవాడి పనితనం ఏం తెలుస్తుంది? ఈ ఫోరంలో చాలామంది చక్కెర సంగతి రాయకుండా పదికి ఎనిమిది, తొమ్మిది వేసేస్తున్నారు. ఆ అంకెలు చూసి కొనేవాళ్లు నష్టపోతారు.

కాజీపేట అక్క

నేను ఒప్పుకోను తమ్ముడూ. ఇరానీ చాయ్‌ని ఎవరైనా పాలు, చక్కెర తీసేసి రుచి చూస్తారా? మనిషి ఎట్లా తాగుతాడో అట్లాగే చూసి చెప్పాలి. మా ఇంట్లో పండ్ల టీ సాయంత్రం పిల్లలకు చల్లార్చి, చక్కెర కలిపి, నిమ్మచెక్క పిండి ఇస్తాను. వాళ్లకు అదే టీ. ఉత్తగా తాగి "పులుపు ఎక్కువ" అని మీరు మూడు మార్కులు వేస్తే, దాంతో నాకేం పని? నేను కొనేటప్పుడు తెలుసుకోవాల్సింది, మా ఇంట్లో చెల్లుతుందా లేదా అన్నది.

పరకాల పుంటిచెట్టు

మీ ఇద్దరూ చక్కెర దగ్గరే ఆగిపోయారు. అసలు కప్పులో ఏముందో చూడండి. డబ్బా వెనక్కి తిప్పండి. మన దేశంలో పదార్థాల పట్టీ బరువు ప్రకారం రాయాలి, ఎక్కువ ఉన్నది ముందు, తక్కువ ఉన్నది చివర. నేను చూసిన పండ్ల టీలలో ఎక్కువ వాటికి మొదటి పేరు హైబిస్కస్, ఆ తర్వాత ఎండు ఆపిల్ ముక్కలు, రోజ్‌హిప్ (అడవి గులాబీ కాయ), నారింజ తొక్క. బొమ్మలో మెరిసే స్ట్రాబెర్రీ పట్టీ చివర్లో ఎక్కడో ఉంటుంది, లేదా ఫ్లేవర్ రూపంలో మాత్రమే ఉంటుంది.

ఆ హైబిస్కస్ ఇంటి ముందు మందారం కాదు. మన ఎర్ర పుంటికూర, అంటే ఎర్ర గోంగూర. పువ్వు రాలాక కాయ చుట్టూ కండపట్టి ఎర్రగా ఉండే రెక్కలే ఎండబెట్టి వాడతారు. ఈజిప్టులో, సూడాన్‌లో దాన్ని కర్కడే అని తరాలుగా తాగుతున్నారు. కప్పులో ఎరుపు దానిది, పులుపు దానిది. మా చేను గట్టున పెరిగేదాన్ని స్ట్రాబెర్రీ బొమ్మ వేసి అమ్ముతుంటే, దానికి మార్కులు కోయొద్దా?

హన్మకొండ చాయ్

అన్నా, పట్టీ గురించి మీరు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. కానీ ఫ్లేవర్ కలిపారు కాబట్టి మోసం అనేస్తే నేను ఒప్పుకోను. ముక్కు గట్టిగా మూసుకుని ఒక గుక్క తాగండి. పులుపు తెలుస్తుంది, కొద్దిగా తీపి తెలుస్తుంది, అంతే. ముక్కు వదిలిన క్షణాన స్ట్రాబెర్రీ ప్రత్యక్షం. నాలుకకు తెలిసేది తీపి, పులుపు, ఉప్పు, చేదు, ఉమామి (పుట్టగొడుగుల్లో ఉండే లాంటి కమ్మని రుచి). పండు ఏదో పోల్చేది గొంతు వెనక నుంచి ముక్కుకు ఎక్కే వాసన. పండును ఎండబెట్టినప్పుడు ముందు ఎగిరిపోయేది ఆ వాసనే. అందుకే ఎండు స్ట్రాబెర్రీ ముక్కలు ఎన్ని వేసినా వేడినీళ్లలో పెద్దగా పలకవు, ఫ్లేవర్ తోడు కావాల్సి వస్తుంది.

కాబట్టి నేను చూసేది ఆ వాసన ఎంతసేపు నిలబడుతుందన్నది. సంచి విప్పగానే గుప్పుమని, కప్పులోకి వచ్చేసరికి మాయమైపోయే టీలు బోలెడు. మొన్నటిది సరిగ్గా అంతే. పొడి సంచిని ముక్కు దగ్గర పెడితే మామిడి తాండ్ర వాసన. తెల్ల పింగాణీ కప్పులో నీళ్లు పోశాక సంచి అడుగు నుంచి ఎరుపు సన్నని తీగలుగా దిగింది, ఐదు నిమిషాలకు దానిమ్మ రసం రంగు వచ్చింది. చూడ్డానికి ఎంత బాగుందో! తాగితే మాత్రం పుంటి పులుపు ఒక్కటే, మింగాక నాలుక అంచుల్లో వగరు. మామిడి జాడ లేదు. చక్కెర వేసి తాగినవాళ్లకు అది లేదన్న సంగతే పట్టలేదు.

నక్కలగుట్ట సైన్స్ టీచర్

చక్కెర సంగతి తేలాలంటే ముందు మిగతావన్నీ ఒకేలా ఉండాలి. టీ రుచి చూడటానికి అంతర్జాతీయ ప్రమాణం ఒకటి ఉంది, ఐఎస్ఓ 3103, 1980లో వచ్చింది. 100 మిల్లీలీటర్ల నీటికి 2 గ్రాముల ఆకు, మరిగే నీళ్లు, ఆరు నిమిషాలు, పింగాణీ లేదా గ్లేజు మట్టి పాత్ర. అది మామూలు టీ ఆకు కోసం రాసింది. మంచి చాయ్ ఎలా పెట్టాలో అది చెప్పదు, రెండు టీలను పోల్చాలంటే రెండూ ఒకే తీరుగా పెట్టాలని చెప్తుంది. పండ్ల టీకి కూడా అదే పద్ధతి పట్టుకుంటే ఇక్కడి గొడవలు సగం తగ్గుతాయి. గ్రీన్ టీకి నీళ్లు కాస్త చల్లారాక పోస్తాం, లేకపోతే చేదెక్కుతుంది. హెర్బల్ టీకి ఆ భయం లేదు, మరిగే నీళ్లే పోయాలి. ఎండిన పువ్వుల మీద, తొక్కల మీద సూక్ష్మక్రిములు ఉండొచ్చు కాబట్టి అది శుభ్రానికి కూడా మంచిది.

నీళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదేంటి? ఇదే అసలు తేడా. బోరు నీళ్లలో బైకార్బొనేట్లు (పులుపును తగ్గించే లవణాలు) ఎక్కువుంటే అవి పుంటి పులుపును విరిచేస్తాయి, ఎరుపు కూడా మబ్బుగా మారుతుంది. కావాలంటే చల్లారిన కప్పులో చిటికెడు తినే సోడా వేసి చూడండి, ఎరుపు పోయి ఊదా, నీలం వైపు తిరుగుతుంది. నిమ్మరసం పిండితే మళ్లీ ఎర్రబడుతుంది. పుంటికి ఎరుపునిచ్చే ఆంథోసయనిన్లు అనే రంగు పదార్థాల గుణం అది. మా క్లాసులో పిల్లలకు ఇష్టమైన ప్రయోగం. అంటే ఒకే డబ్బా, బోరు నీళ్ల ఇంట్లో చప్పగా, ఫిల్టర్ నీళ్ల ఇంట్లో పుల్లగా ఉంటుంది. ఇద్దరూ నిజమే చెప్తున్నారు, మార్కులు మాత్రం కలవవు.

కాజీపేట అక్క

సార్, మీరు చెప్పింది బాగుంది కానీ గ్రాములు తూచే తక్కెడ మా వంటింట్లో లేదు. నేను సంచి వేసి, కప్పు నిండా నీళ్లు పోస్తా. డబ్బా మీద కూడా అంతే రాసి ఉంటుంది. నాలాంటి వాళ్లే కదా కొనేది. పైగా మీరు చెప్పే పరీక్షలో గెలిచిన టీ, సాయంత్రం మిర్చి బజ్జీ పక్కన గెలుస్తుందా?

హన్మకొండ చాయ్

మిర్చి బజ్జీ తిన్న నోటితో ఏ టీ రుచీ చెప్పలేం అక్కా, నాలుక మండుతుంటే పుంటి పులుపు ఇంకా గుచ్చుతుంది. సర్వపిండి తిన్నాక కూడా అంతే. రుచి చూడాలనుకున్న రోజు ముందు మంచినీళ్లతో పుక్కిలించి, ఖాళీ నోటితో తాగాలి. చెంచాతో తీసుకుని చప్పుడొచ్చేలా జుర్రాలి. టీ కంపెనీల్లో రుచి చూసేవాళ్లు అలాగే చేస్తారు, గాలితో పాటు ద్రవం నోరంతా పరుచుకుని వాసన ముక్కుకు ఎక్కుతుంది. పొగలు కక్కే వేడిలో ఒకసారి, గోరువెచ్చగా అయ్యాక ఇంకోసారి. వేడికి దాగిన లోపాలు గోరువెచ్చగా అయినప్పుడు బయటపడతాయి.

మట్టెవాడ కుర్రాడు

పాలు పోసి చూశా. విరిగిపోయింది. డబ్బా చెడిపోయిందా?

నక్కలగుట్ట సైన్స్ టీచర్

చెడిపోలేదు బాబూ. పుంటిలో ఆమ్లాలు ఎక్కువ. పాల పీహెచ్ (పులుపు కొలత, తగ్గితే పులుపు పెరిగినట్టు) 4.6 దాకా పడిపోతే పాలలోని కేసీన్ అనే ప్రోటీన్ గడ్డకడుతుంది, వేడి తోడైతే ఇంకా ముందే. పండ్ల టీలో పాలు పోయకండి.

వరంగల్ నర్సు

అక్కా, ఒక్క మాట. మా దగ్గరికొచ్చే షుగర్ పేషెంట్లలో చాలామంది చాయ్ మానేసి ఇవి తాగుతున్నారు. వాళ్లు చక్కెర వేసుకోరు. చక్కెర వేసిన కప్పుకు మీరిచ్చిన తొమ్మిది మార్కులు నమ్మి వాళ్లు కొంటే ఆ డబ్బా అల్మారాలోనే ఉండిపోతుంది. అందుకే నేను తమ్ముడి వైపు.

ఇంకోటి. కొన్ని టీలు చక్కెర లేకుండానే తియ్యగా ఉంటాయి. పట్టీలో అతిమధురం గానీ స్టీవియా ఆకు గానీ ఉందేమో చూడండి. అతిమధురం తీపి వెంటనే రాదు, మింగాక గొంతు వెనక పట్టుకుని చాలాసేపు పోదు. రోజూ ఎక్కువగా తాగితే అది బీపీని పెంచుతుంది, పొటాషియం తగ్గిస్తుంది. పుంటి సంగతి దీనికి తిరగేసి. 2010లో అచ్చైన ఒక అమెరికా అధ్యయనంలో, బీపీ కొద్దిగా ఎక్కువున్న 65 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఆరు వారాలు రోజుకు మూడు కప్పుల హైబిస్కస్ టీ ఇస్తే పై బీపీ సగటున 7 పాయింట్ల దాకా తగ్గింది. అది మందుకు బదులు కాదు. బీపీ మాత్రలు వేసుకునేవాళ్లు, గర్భిణులు డాక్టర్‌ని అడిగే రోజువారీ అలవాటు చేసుకోవాలి. తాగాక నోరు నీళ్లతో పుక్కిలించండి, వెంటనే బ్రష్ చేయొద్దు, ఈ పులుపుకు పళ్ల పైపొర మెత్తబడుతుంది.

హన్మకొండ చాయ్

నేను చెప్పాలనుకున్నదే మీరు చెప్పారు. చక్కెర వేసిన కప్పులో అతిమధురం పట్టుకోవడం అసాధ్యం. తీపిలో తీపి కలిసిపోతుంది. ఉత్తగా తాగితే మూడో గుక్కకే దొరికిపోతుంది.

పరకాల పుంటిచెట్టు

అయితే ఈసారి మా పుంటి రెక్కలు నీడన ఆరబెట్టి పెడతా. లోపలున్న గింజల కాయను తీసేసి, రెక్కలు మాత్రమే. ఫ్లేవర్ లేదు, బొమ్మ లేదు. నారింజ తొక్క కొంచెం, అల్లం ముక్క ఒకటి. అదే కొలతకు, అదే నీళ్లకు డబ్బా టీ పక్కన పెట్టి చూద్దాం. పండు బొమ్మ లేకుండా వట్టి పుంటి గెలిస్తే అప్పుడు ఏమంటారు?

కాజీపేట అక్క

దానికి కూడా నేను చక్కెర వేసే తాగుతా. కాకపోతే షుగర్ ఉన్నవాళ్ల మాట నిజమే, అది నాకు తట్టలేదు. ఇక నుంచి మార్కు పక్కన ఎన్ని చెంచాలు వేశానో రాస్తా. మార్కు మాత్రం తగ్గించను.

హన్మకొండ చాయ్

రాయండి అక్కా, చాలు. ఏ నీళ్లో కూడా రాయండి. పుంటిచెట్టు అన్నా, రెక్కలు ఎండాక చెప్పండి, మా ఇంట్లోనే పెడదాం. తెల్ల కప్పులు నావి.