కాలనీ డైరెక్టరీల సెల్ నంబర్లు అచ్చెయ్యాల్నా, వద్దా?

నయీంనగర్ వాసి:
హన్మకొండ, కాజీపేట దిక్కు కాలనీ సంఘాలు డైరెక్టరీలు తెస్తున్నయి. ఇంటి నంబరు, యజమాని పేరు, సెల్ నంబరు, ఉద్యోగం, బ్లడ్ గ్రూపు, సొంతూరు, పిల్లలు ఎక్కడున్నరు అన్నీ ఒకే వరుసల. పుస్తకం ఇంటికొకటి ఇస్తరు, అదే పీడీఎఫ్ వాట్సాప్ గ్రూపుల పెడతరు. వెనుకట టెలిఫోన్ డైరెక్టరీ లేదా, ఇందుల తప్పేముందని కొందరు. అడగకుండ అచ్చేస్తే ఊకోమని కొందరు. తెలిసినోళ్లు కారణాలతోని చెప్పండి. అచ్చుకు పోయే ముందు సంఘం ఏం చెయ్యాల్నో కూడా.

ఎనుమాముల అడ్తి:
అచ్చెయ్యాలె. మోటరు వైండింగ్ చేసేటోళ్లు, బోరుల నుంచి సబ్‌మర్సిబుల్ ఎత్తేటోళ్లు, వరికోత మిషినోళ్లు, హమాలీ ముఠా మేస్త్రీలు అందరి బతుకు నంబరు మీదనే నడుస్తది. యార్డుల ఆరబోసిన మక్కల మీద మబ్బు పట్టిందంటె పావుగంటల పదిమంది హమాలీలు రావాలె, టార్పాలిన్లు రావాలె. అప్పుడు ఎవరి దగ్గర ఎవరి నంబరున్నదో ఎతుక్కుంట కూసుంటమా? వెనుకట బీఎస్ఎన్ఎల్ పుస్తకంల పేరు, అడ్రసు, నంబరు మూడూ ఉండేటియి. పుస్తకం లేకపోతే 197కు కొడితే చెప్పేటోళ్లు. ఎవరికీ నష్టం కాలేదు.

మట్టెవాడ నెట్‌వర్క్:
అడ్తి అన్నా, ఆ పోలిక ఇప్పుడు కుదరదు. ల్యాండ్‌లైన్ నంబరు గోడకున్న తీగకు కట్టేసి ఉండేది. దానికి ఓటీపీ వచ్చేది కాదు, దాని వెనుక బ్యాంకు ఖాతా లేదు, ఫొటో లేదు. సెల్ నంబరు అట్ల కాదు. ఏ యూపీఐ యాప్‌లోనైనా పది అంకెలు కొట్టి చూడండి, బ్యాంకులో ఉన్న పేరు తెర మీద పడుతుంది. వాట్సాప్‌లో ఫొటో ‘అందరికీ’ అని ఉంటే ముఖం కూడా కనబడుతుంది. ఈమెయిల్‌కూ, గ్యాస్ బుకింగ్‌కూ పాస్‌వర్డ్ మరిచిపోతే తిరిగి తెరిచేది ఆ నంబరే.

పీడీఎఫ్ సంగతి ఇంకా ముఖ్యం. అందులో అక్షరాలు అక్షరాలుగానే ఉంటాయి. మొత్తం కాపీ చేసి ఎక్సెల్‌లో పెడితే పేరొక గడిలో, నంబరొక గడిలో పడతాయి. నాలుగు వందల ఇళ్ల జాబితాకు పది నిమిషాలు కూడా పట్టదు. ఆ ఫైలును కాంటాక్టులుగా ఫోన్లోకి ఎక్కిస్తే ఎవరెవరికి వాట్సాప్ ఉందో, ఎవరి ఫొటో ఏదో వరుసగా వచ్చేస్తుంది. ‘ఫొటో తీసి స్కాన్ పెడదాం, అప్పుడు కాపీ కాదు’ అంటారు. గూగుల్ లెన్స్ అచ్చక్షరాలను సులువుగా చదువుతుంది. ‘పాస్‌వర్డ్ పెడదాం’ అంటారు. నాలుగు వందల మందికి చెప్పిన పాస్‌వర్డ్ ఫైలు వెంబడే ఫార్వర్డ్ అవుతుంది.

నంబరు ఒక్కటే అయితే మోసగాడు గుడ్డిగా ఫోన్ చెయ్యాలి. పేరు, ఇల్లు, రిటైర్డ్ ఉద్యోగి, కొడుకు అమెరికాలో అని ఒకే వరుసలో ఇస్తే మాట్లాడాల్సిన మాటలన్నీ మనమే రాసిచ్చినట్టు. పోలీసులమని ఫోన్ చేసి, డిజిటల్ అరెస్టు చేశామని బెదిరించి డబ్బు గుంజేవాళ్లకు కావలసింది అదే. అసలు చట్టంలో అలాంటి అరెస్టే లేదు, కానీ కొడుకు పేరు, ఊరు చెప్పగానే పెద్దమనిషి నమ్ముతాడు. అందుకే నా మాట: నంబరు పెట్టినా పెట్టకపోయినా, ఉద్యోగం, సొంతూరు, పిల్లల వివరాల గడులు ముందు కొట్టెయ్యండి.

కాజీపేట జంక్షన్:
దాచి ఏం లాభం సార్? ట్రూకాలర్‌లో అందరి పేర్లూ ఉన్నాయి. మనం పెట్టకున్నా మన నంబరు దాచుకున్నోళ్ల ఫోన్ల నుంచి పోయింది. డెలివరీ డబ్బా మీద నంబరు, దుకాణంలో బిల్లుకు నంబరు. పోయినదాన్ని కాపాడుతున్నాం అనుకోవడం ఎందుకు?

మట్టెవాడ నెట్‌వర్క్:
అక్కడ నంబరు ఉన్నవాడికి పేరు దొరుకుతుంది. డైరెక్టరీలో పేరు, ఇల్లు తెలిసినవాడికి నంబరు దొరుకుతుంది. పగ పెట్టుకున్నవాడికి, వెంటపడేవాడికి కావలసింది రెండోదే. ట్రూకాలర్ నుంచి తీయించుకోవచ్చు కూడా. ముందు యాప్ సెట్టింగుల్లో ఖాతా డీయాక్టివేట్ చెయ్యాలి, తర్వాత వాళ్ల వెబ్‌సైటులో అన్‌లిస్ట్ పేజీకి పోయి ప్లస్ 91తో నంబరు ఇవ్వాలి. ఖాతా ఉండగా అన్‌లిస్ట్ కాదు, చాలామంది అక్కడే ఆగిపోతారు. ఇళ్లకు పోయిన పుస్తకాన్ని మాత్రం ఎవరూ వెనక్కి తేలేరు.

ఎవరైనా ఆ పీడీఎఫ్‌ను వెబ్‌సైటులో పెడితే గూగుల్ వెతుకులాటలోకి వస్తుంది. అప్పుడు ముందు సైటులో ఫైలు తీయించాలి, తర్వాత పాత ఫలితం తొలగించమని గూగుల్‌కు అడగాలి. సైటువాళ్లు పలకకపోతే ఫోన్ నంబరు కనిపిస్తున్న ఫలితాన్ని తీసెయ్యమని నేరుగా కోరవచ్చు, 2022 నుంచి ఆ వీలుంది. కానీ అది వెతుకులాటలోంచే పోతుంది, ఫైలు ఉన్నచోట అట్లాగే ఉంటుంది.

సుబేదారి వకీలు:
చట్టం సంగతి. గోప్యత ప్రాథమిక హక్కని 2017 ఆగస్టు 24న సుప్రీంకోర్టు తొమ్మిదిమంది జడ్జీల ధర్మాసనం పుట్టస్వామి కేసులో చెప్పింది. 2023లో డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం వచ్చింది. నిబంధనలు 2025 నవంబరులో వెలువడ్డాయి, సమ్మతికి సంబంధించిన భాగాలు 18 నెలల గడువు తర్వాత, 2027 మేలో అమలవుతాయి. ఇప్పుడు అచ్చేసే పుస్తకం అప్పటికీ ఇళ్లలోనే ఉంటుంది కనుక ఇప్పటినుంచే ఆ పద్ధతి పాటించడం మంచిది.

మూడో సెక్షన్‌లో రెండు మినహాయింపులు ఇక్కడ పనికొస్తాయి. ఒక వ్యక్తి తన సొంత, ఇంటి అవసరానికి వాడుకుంటే చట్టం పట్టించుకోదు. మీ ఫోన్లో పక్కింటివాళ్ల నంబరు దాచుకోవడం అదే. సంఘం వ్యక్తి కాదు, దానికి ఆ వెసులుబాటు లేదు. రెండోది, తన వివరాన్ని తానే బహిరంగం చేసుకుంటే వర్తించదు. షట్టరు మీద నంబరు రాయించుకున్న మెకానిక్ ఈ కోవలోకి వస్తాడు. అడ్తి గారు చెప్పినవాళ్లలో చాలామంది ఇట్లాంటివాళ్లే. వాళ్ల భార్యల నంబర్లు మాత్రం రావు.

ఇంకొకటి. ‘జనరల్ బాడీలో తీర్మానం చేశాం, మినిట్స్‌లో రాశాం’ అంటే సమ్మతి అయిపోదు. ఆరో సెక్షన్ ప్రకారం ఎవరి సమ్మతి వారిదే, దేనికోసమో తెలిసి స్పష్టంగా ఇవ్వాలి. ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకునే వీలుండాలి. చందా రసీదు కోసం తీసుకున్న నంబరును డైరెక్టరీకి వాడటం ఇందుకే చెల్లదు.

ములుగు రోడ్డు అక్క:
ఆడవాళ్ల సంగతి ఎవరూ రాయలేదు. ఊళ్లల్ల పంచాయతీ గోడ మీద ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచర్ సొంత నంబర్లు పెయింటుతోని రాస్తరు. కాన్పు నొప్పులకు ఫోన్ రావాలె, నిజమే. రాత్రి పదకొండుకు ఊకెనే చేసేటోళ్ల ఫోన్ కూడా అదే నంబరుకు వస్తది, బందువెట్టుకుంటె కాన్పు ఫోన్ పోతది. ఆమెకు తప్పించుకునే దారి లేదు. గోడ మీద ముందు 108 పెద్దగ రాయాలె, తర్వాత ఆరోగ్య కేంద్రం నంబరు. ఆమె నంబరు గర్భిణుల ఇండ్లకు కార్డు మీద ఇస్తే సరిపోతది.

కాలనీ పుస్తకంల ఇంకో తప్పు చూడుండ్రి. యజమాని పేరు భర్తది, నంబరు ఇంట్ల ఉండే భార్యది. ఫారం నింపింది భర్త. ఆమెను అడిగిందెవరు? ఎవరి నంబరో వాళ్ల సంతకమే కావాలె. హాస్టళ్లు, కిరాయి ఇండ్లల్ల ఆడపిల్లల నంబర్లు ఓనరు ఇచ్చినా తీసుకోవద్దు.

ఎనుమాముల అడ్తి:
అక్క మాటకు ఒప్పుకుంట. ఇండ్ల నంబర్లు, పనోళ్ల నంబర్లు కలిపి మాట్లాడుడు నా తప్పే. కాని పనోళ్ల జాబితా పీడీఎఫ్‌లనే ఉండాలె, ఊరంత తిరగాలె. వాళ్లకు రక్షణ ఎట్ల? రెండో సిమ్ తీసుకొమ్మంటరు, దానికీ రీచార్జి ఎవరు కడతరు?

మట్టెవాడ నెట్‌వర్క్:
ఖర్చు ఉన్నమాట నిజం. అయినా వైండింగ్ షాపుకు అది దండగ కాదు. పాత నంబరు జనానికి తెలిసింది కనుక దాన్నే పనికి ఉంచుకోవాలి, కొత్త సిమ్‌ను బ్యాంకుకు ఇవ్వాలి. తిరగేసి చేస్తే గిరాకీ పోతుంది. వరుస ఇదీ: ముందు బ్యాంకు శాఖలో నంబరు మార్పించాలి, తర్వాత ఆధార్ కేంద్రంలో, ఆ తర్వాత యూపీఐ యాప్‌ను కొత్త సిమ్‌తో మళ్లీ నమోదు చెయ్యాలి. బ్యాంకులో మారకముందు యూపీఐ కదిలిస్తే ఖాతా దొరకదని ఆగిపోతుంది. బ్యాంకు సిమ్‌ను నెలల తరబడి వాడకుండా పడెయ్యొద్దు, 90 రోజులు ఏ వాడకమూ లేకపోతే బందయ్యే ప్రమాదం ఉంది.

క్యూఆర్ కోడు కూడా చూడాలి. చాలామంది యూపీఐ ఐడీలో యాట్ గుర్తుకు ముందు ఉండేది ఫోన్ నంబరే. యాప్‌లో షాపు పేరుతో ఇంకో ఐడీ చేసి, ఆ ఐడీతో కొత్త కోడు అచ్చేయించి గోడకు అంటించాలి.

వ్యాపార ఫోన్లు వద్దని 1909కు పంపే డీఎన్‌డీ నమోదు మీద ఎక్కువ ఆశ వద్దు. అది నమోదైన వ్యాపార ఫోన్లను ఆపుతుంది, పది అంకెల సొంత నంబరు నుంచి చేసే మోసగాడిని ఆపదు. పిలవని వ్యాపార ఫోన్ వస్తే 7 రోజుల్లోపు అక్కడే ఫిర్యాదు. మోసం అనిపిస్తే కేంద్ర టెలికాం శాఖ వెబ్‌సైటు సంచార్ సాథీలో చక్షు అనే చోట ఫిర్యాదు. డబ్బు పోతే ఆ నిమిషమే 1930.

కాజీపేట జంక్షన్:
సరే, ఇళ్ల నంబర్లు తీసేద్దాం. ఒంటరిగా ఉండే ముసలివాళ్ల ఇంట్లో పొగ వస్తే పక్క వీధివాడు ఎవరికి చెయ్యాలి? దీనికి జవాబు లేకుండా డైరెక్టరీ వద్దనడం నాకు ఇంకా ఒప్పుదల కాదు.

నయీంనగర్ వాసి:
వీధికి ఇద్దరు బాధ్యులు. ఒప్పుకున్న ఆ ఇద్దరి నంబర్లే పుస్తకంల ఉంటయి. ఇండ్ల జాబితా కాయితం మీద వాళ్ల దగ్గరనే. ఎవరన్న అడిగితే బాధ్యుడు ఆ ఇంటికి ఫోన్ చేసి చెప్తడు, నంబరు మాత్రం ఇయ్యడు. మొదటి పేజీల 112, 108, కరెంటుకు 1912, సైబర్ మోసానికి 1930. తహసీల్దార్ వంటి అధికారులకైతే సొంత సెల్ కాదు, పదవికిచ్చిన నంబరే, బదిలీ అయినా మారదు. రెండో భాగం పనోళ్ల పేజీలు, అడ్తి అన్న చెప్పినట్టు పీడీఎఫ్ కూడా.

వాట్సాప్‌ల ఇప్పుడున్న గ్రూపుల ప్రతి నంబరు ప్రతి ఒక్కరికి కనబడుతున్నది. కమ్యూనిటీ పెట్టి ప్రకటనల గ్రూపు వాడితే అడ్మిన్లకు తప్ప మిగిలినోళ్లకు కనబడయి. ఇది పుస్తకం కన్న ముందే చెయ్యొచ్చు.

ఫారంల మూడు గడులు: పుస్తకంల వెయ్యొచ్చు, బాధ్యుని దగ్గర మాత్రమే, ఎక్కడా వద్దు. టిక్కు లేకపోతే మూడోదే అని లెక్క. కింద నంబరు ఎవరిదో వాళ్ల సంతకం, తారీకు. ఏటా ఉగాదికి మళ్లీ అడగాలె. బందైన నంబరు 90 రోజుల తర్వాత ఇంకొకరికి పోతది, మన పుస్తకం చూసి చేస్తే సంబంధంలేని మనిషి ఎత్తుతడు.

సుబేదారి వకీలు:
ఆ ఫారంలో ఒక వాక్యం కలపండి: ‘ఈ సమ్మతిని ఎప్పుడైనా సంఘం నంబరుకు మెసేజ్ పెట్టి రద్దు చేసుకోవచ్చు.’ పీడీఎఫ్ మీద తారీకు వెయ్యండి. ఎవరైనా రద్దు చేసుకుంటే కొత్తది పెట్టి, పాతది గ్రూపులోంచి అడ్మినే తీసెయ్యాలి.