తుంబి అంటే తుమ్మెదేనా?

ఒక మలయాళం కథ తెలుగు చేస్తున్నాను. అందులో పిల్లలు ‘ఓణత్తుంబి’ వెంట పరిగెడతారు. తుంబి అంటే తుమ్మెదే కదా అని ‘ఓణం తుమ్మెద’ అని రాసేశాను. కానీ ఎక్కడో తేడా కొడుతోంది. కాస్త చెప్తారా?

— తేడా ఉందండి. తుంబి, తుమ్మెద ఒకే కుదురు మాటలే. పాత తమిళంలో తుంబి అంటే మన నల్ల తుమ్మెద. ఇప్పుడు మాత్రం తమిళులూ మలయాళీలూ ఆ పేరుతో పిలిచేది తూనీగని. మన తుమ్మెద పూలు వదల్లేదు, వాళ్ళ తుంబి చెరువుగట్టు చేరింది.

పైగా ఓణత్తుంబి ఏదో ఒక తూనీగ కాదు, రయోథెమిస్ వేరిగేటా అనే ప్రత్యేక జాతి. 1763లో స్వీడన్ శాస్త్రవేత్త లినేయస్ వర్ణించాడు. మామూలు తూనీగ రెక్క గాజుకాగితంలా ఉంటుంది. దీనికి పసుపు రెక్కల మీద నలుపు, ముదురు గోధుమ మచ్చలు. ఆడదాని ముందు రెక్కలు మాత్రం కొస వైపు రంగు లేకుండా తేటగా ఉంటాయి. ఒళ్ళు నల్లన, ఎండ పడితే ఆకుపచ్చ మెరుపు. రివ్వున దూసుకుపోదు, తేలుతూ ఎగురుతుంది. మా ఊరి వరిమడి మీద మొదటిసారి చూసినప్పుడు సీతాకోకచిలుక అనే అనుకున్నాను, రెక్కలు చాచుకుని గడ్డిపరక కొసన వాలేదాకా! వరిచేలు, చెరువులు, చిత్తడి నేలలే దాని చోటు. దాని పిల్లలు పెరిగేది నీళ్ళలోనే మరి. ‘ఓణం తూనీగ’ అని రాయండి.

— మధ్యలో దూరుతున్నాను. ఈగకి రెండే రెక్కలు, తూనీగకి నాలుగు. మరి పేరులో ఆ ఈగ ఏంటి?

— మనవాళ్ళు రెక్కలు లెక్కపెట్టి పేర్లు పెట్టలేదండీ. తేనెటీగ, కందిరీగ, తూనీగ, జోరీగ. ఈ నాలుగింట్లో నిజంగా ఈగల జాతిది జోరీగ ఒక్కటే. మిగతా మూడూ నాలుగు రెక్కలవే. ఎగిరే చిన్న పురుగైతే చాలు, ఈగ అనేశారు.

— మార్చేశాను, థాంక్సండీ. తర్వాతి పేజీలో ‘తులాత్తుంబి’ వచ్చింది. అదీ ఇదేనా?

— కాదు, అది పంటాలా ఫ్లావెసెన్స్ అనే మరో జాతి తూనీగ. తేట రెక్కలు, పసుప్పచ్చ ఒళ్ళు. తులామాసంలో, అంటే అక్టోబరు, నవంబరుల్లో గుంపులుగా కనిపిస్తుంది. సముద్రాలు దాటి వలసపోయే రకం. దాన్ని ‘వలస తూనీగ’ అనండి, ‘తులా’ అని వదిలేస్తే మనవాళ్ళు త్రాసు అనుకుంటారు.