పథకాల డబ్బు పడినవాళ్లు చేతులెత్తండి అన్న సోషల్ సారు: క్లాసులో సొంత అభిప్రాయం ఎంతవరకు?

ప్రశ్న (ఒంగోలు నుంచి ఒక తల్లి)

మా అబ్బాయి ఒంగోల్లో ఒక ప్రైవేటు స్కూల్లో తొమ్మిదో తరగతి చదువుతున్నాడు. మొన్న సోషల్ పీరియడ్‌లో ఎన్నికల పాఠం జరుగుతుంటే వాళ్ల సారు మధ్యలో పుస్తకం మూసి, "ఈ పథకాల డబ్బులొచ్చాక జనం పని చేయడం మానేశారు. అకౌంట్లో ఎవడు వేస్తే వాడికే ఓటు. ఇట్లాంటోళ్ల వల్లే రాష్ట్రం అప్పుల పాలైంది" అన్నారట. అంతటితో ఆగలేదు. "మీలో ఎంతమంది ఇళ్లకి తల్లికి వందనం పడింది, చేతులెత్తండి" అన్నారట.

మావాడు ఎత్తలేదు. మాకు పడింది.

మా ఆయన చీమకుర్తి దగ్గర గ్రానైట్ పాలిషింగ్ యూనిట్లో పనిచేస్తాడు. నేను ఇంట్లో జాకెట్లు కుడతాను. బడికెళ్లే పిల్లల తల్లులకి ప్రభుత్వం ఇచ్చే ఆ పథకం 15,000 అన్నా స్కూలు నిర్వహణకని 2,000 పట్టుకుని 13,000 వేస్తారు కదా, అవి పడిన వారంలోనే తీసుకెళ్లి అదే స్కూల్లో ఫీజు కింద కట్టాను. వాడికి ఆ సంగతి తెలుసు. అయినా ఇంటికొచ్చి, "అమ్మా, ఆ డబ్బులు గవర్నమెంటుకి తిరిగిచ్చేయడానికి కుదురుతుందా?" అని అడిగాడు. నాకు నోట మాట రాలేదు.

ఆ సారు మంచి టీచరే. అట్లాసు చూడకుండా బోర్డు మీద చేత్తో మ్యాపు గీస్తారని వాడు గొప్పగా చెబుతుంటాడు. ఆయన మీద కంప్లైంట్ ఇవ్వాలని నాకు లేదు. కానీ అసలు టీచర్లు క్లాసులో రాజకీయాల మీద, జనం బతుకుల మీద తమ సొంత అభిప్రాయం చెప్పొచ్చా? చెబితే ఎంతవరకు? నేను ఏం చేస్తే బాగుంటుంది?

జవాబు (కావలి, డిగ్రీ విద్యార్థి)

చెప్పాలండీ. సారు కూడా మనిషే, ఆయనకీ ఓటుంది. మా ఇంటర్‌లో ఎకనామిక్స్ లెక్చరర్ ఒకరోజు "నేను కట్నం తీసుకోలేదు, తీసుకునేవాళ్లంటే నాకు గౌరవం లేదు" అని మొహమాటం లేకుండా చెప్పారు. ఆ రోజు క్లాసులో జరిగినంత చర్చ మళ్లీ ఎప్పుడూ జరగలేదు. ఏ అభిప్రాయమూ చెప్పని టీచరు దగ్గర గైడు చదువుకున్నట్టే ఉంటుంది. తొమ్మిదో తరగతి పిల్లలు ఫోన్లో ఇంతకన్నా ఘోరమైన మాటలు రోజూ వింటున్నారు. మీవాడే లేచి "సార్, మా అమ్మానాన్న ఇద్దరూ పని చేస్తారు" అని చెప్పి ఉండాల్సింది.

జవాబు (రిటైర్డ్ సోషల్ మాస్టారు, కలిగిరి వైపు)

బాబూ, ఆ పిల్లకాయ లేచి ఎందుకు చెప్పలేదో నేను చెబుతాను. ఫార్మేటివ్ మార్కులు వేసేది ఆ సారు. ప్రోగ్రెస్ కార్డు మీద రిమార్కు రాసేది ఆ సారు. పక్క బెంచీలో వినేది తోటి పిల్లకాయలు. నీ లెక్చరరు మాట నచ్చకపోతే నువ్వు బయటికి పోయి టీ తాగి రావచ్చు. తొమ్మిదో తరగతి వాడు బెల్లు కొట్టేదాకా కదలలేడు. క్లాసులో టీచరు మాటకి అంత బరువు ఎందుకుంటుందంటే వినేవాడికి లేచిపోయే వీలు లేదు కాబట్టి.

అమ్మా, నేను నెల్లూరు జిల్లాలో జిల్లా పరిషత్ హైస్కూళ్లలో సోషల్ చెప్పి రిటైరైన మనిషిని. వింజమూరు, కొండాపురం, కలిగిరి, ఈ చుట్టుపక్కలే ఎక్కువ. మీరు అడిగింది నా ఉద్యోగమంతా నా వెంట నడిచిన ప్రశ్న, అందుకని కొంచెం వివరంగానే రాస్తున్నాను.

పార్టీల సంగతిలో మాకు గీత ముందే గీసి పెట్టారు. 1964 ప్రవర్తనా నియమాల ప్రకారం ప్రభుత్వ ఉద్యోగి ఏ పార్టీలోనూ ఉండకూడదు, ప్రచారం చేయకూడదు. ఓటు వేసుకోవచ్చు, ఆ ఓటు ఎటో చెప్పుకోకూడదు. ఇది సరైన నియమమనే నేను నమ్ముతాను. విద్యాహక్కు చట్టం టీచర్లకు చదువుతో సంబంధం లేని పనులు వద్దంటూనే జనాభా లెక్కలు, విపత్తు సాయం, ఎన్నికల డ్యూటీ మినహాయించింది. అంటే బూత్‌లో కూర్చునేది మేమే. నోటితో పార్టీ మాట్లాడే మాస్టారుని ఏ పార్టీ ఏజెంటు నమ్ముతాడు?

మళ్లీ మన రాజ్యాంగమే 171వ అధికరణంలో శాసనమండలికి టీచర్లు విడిగా ఎమ్మెల్సీలను ఎన్నుకునే హక్కు ఇచ్చింది. ప్రకాశం, నెల్లూరు, చిత్తూరు కలిపి ఒక ఉపాధ్యాయ నియోజకవర్గం, 2023 మార్చిలో దానికి పోలింగ్ జరిగింది. అభ్యర్థులు స్టాఫ్‌రూముకే వస్తారు, సంఘాల వాళ్లు వాదులాడుకుంటారు. స్టాఫ్‌రూములో ఎంతైనా మాట్లాడుకోండి. చాక్‌పీసు పట్టుకుని క్లాసులో అడుగు పెట్టాక మాత్రం ఆ మాటలు వెంట రాకూడదు.

అయితే, పార్టీలు వద్దన్నాను గదా అని సమాజాన్నే వదిలేసి సోషల్ చెప్పడం ఎట్లా కుదురుతుంది? మా దూబగుంట సంగతే చూడండి. 1991 ప్రాంతంలో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యత ఉద్యమం వచ్చింది. రాత్రి పూట వీధి దీపాల కింద, అరుగుల మీద పెద్దవాళ్ల బడి. ఆ వాచకంలో ఆడవాళ్లు ఏకమై సారా అంగడి మూయించిన పాఠం ఒకటుండేది. చదివినవాళ్లు, మన ఊళ్లో మనం ఎందుకు మూయించలేమని అడిగారు. దూబగుంట రోశమ్మ పేరు అట్లా రాష్ట్రమంతా తెలిసింది. 1992లో జిల్లాలో సారా వేలంపాటలు జరగనీయకుండా అడ్డుకున్నారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది, 1995 జనవరిలో పూర్తి మద్యనిషేధం. 1997లో దాన్ని ఎత్తేశారనుకోండి, ఆ బాధ వేరే. ఒక పాఠం, దాని మీద చర్చ ఎంత పని చేస్తాయో ఈ కళ్లతో చూసినవాణ్ణి, టీచరు నోరు కట్టేసుకోవాలని నేనెట్లా అంటాను?

కానీ అక్కడ చదివినోళ్లు పెద్దవాళ్లు. కూలి డబ్బులు సారా అంగట్లో పోతున్నది వాళ్లవే, దెబ్బలు తింటున్నది వాళ్లే. తమ బతుకు గురించి తామే మాట్లాడుకున్నారు, చదువు చెప్పే పిల్ల వాళ్ల ఇళ్ల సంగతి ఎత్తి చూపలేదు. మీ సారు దగ్గర జరిగింది దీనికి పూర్తిగా తలకిందులు.

కులం విషయానికొస్తాను, ఎందుకంటే చాలామంది టీచర్లు తప్పించుకునేది ఇక్కడే. నెల్లూరు మూలాపేట వేణుగోపాలస్వామి గుడిలోకి హరిజనులను రానివ్వాలని పొట్టి శ్రీరాములు గారు 1946లో నిరాహారదీక్ష చేశారు. ఆయన పేరు జిల్లాకే పెట్టుకున్నాం. పాఠంలో మాత్రం ఆంధ్రరాష్ట్రం కోసం చేసిన దీక్ష ఒక్కటే చెప్పి వదిలేస్తాం. నేను మూలాపేట దీక్ష కూడా చెప్పేవాణ్ణి. చెప్పిన ప్రతిసారీ వెనక బెంచీ నుంచి ఎవరో ఒక పిల్లకాయ, "సార్, మా ఊళ్లో ఇప్పటికీ..." అని మొదలుపెట్టేవాడు. అప్పుడు టీచరు "దీని మీద రకరకాల అభిప్రాయాలున్నాయి" అనకూడదు. 17వ అధికరణం అంటరానితనాన్ని రద్దు చేసింది, పాటించడం నేరం. అది నా సొంత అభిప్రాయమెట్లా అవుతుంది? కట్నం 1961 నుంచి నేరం. బాల్యవివాహం మీద 2006 చట్టం ఉంది. బాబూ, మీ లెక్చరరు చెప్పింది కూడా ఈ కోవలోదే. ఇక్కడ టీచరు ఊరుకున్నాడంటే ఎవరి పక్షాన ఊరుకున్నాడో వెనక బెంచీ వాడికి ఇట్టే అర్థమైపోతుంది.

పథకాలు అట్లా కాదు. బుద్ధిమంతులే రెండు పక్కలా ఉన్నారు. అప్పుల గురించి మీ సారు బాధపడటం తప్పు కాదు. ఆ డబ్బుతో వెలిగొండ ప్రాజెక్టు ముందే పూర్తయితే శ్రీశైలం నుంచి సొరంగాల్లో కృష్ణానీళ్లు మార్కాపురం, కనిగిరి వైపు వచ్చేవి గదా అని ఒక పిల్లకాయ అడిగితే అది నిజమైన ప్రశ్న. ఫ్లోరైడు నీళ్లు తాగే ఊళ్ల పిల్లకాయలు తప్పకుండా అడుగుతారు. ఇంకో పిల్లకాయ, మధ్యాహ్న భోజనం కూడా ఉచితమే గదా, 2001లో సుప్రీంకోర్టు బళ్లో వండి పెట్టాల్సిందే అన్నది గదా, అది లేకపోతే మా ఊరి బళ్లో సగంమంది ఉండేవాళ్లా అంటుంది. 1983లో రెండు రూపాయల కిలో బియ్యం వచ్చినప్పుడు కూడా జనం సోమరులైపోతారన్నారు. ఈ వాదన క్లాసులో జరగాలి, గట్టిగా జరగాలి. చివర్లో పిల్లకాయలు "మీరేమంటారు సార్?" అని తప్పకుండా అడుగుతారు. అప్పుడు చెప్పొచ్చు. అందరూ మాట్లాడాక చెప్పాలి, పార్టీ పేరు ఎత్తకుండా చెప్పాలి, తనతో ఒప్పుకోని పిల్లకాయ జవాబుకి మార్కు తగ్గదని నమ్మకం కలిగించి చెప్పాలి.

మీ సారు అభిప్రాయం కన్నా నన్ను ఎక్కువ బాధపెట్టింది చేతులెత్తమనడం. పిల్లకాయ ఇంటిని, ఆ ఇంటి డబ్బుని పదిమంది ముందు పెట్టే హక్కు ఏ టీచరుకీ లేదు. స్కాలర్‌షిప్పు ఫారాలు, కుల ధ్రువపత్రాలు అడిగేటప్పుడు కూడా నేను ఒక్కొక్కరినీ బల్ల దగ్గరికి పిలిచే అడిగేవాణ్ణి.

ముందు ప్రిన్సిపాల్ దగ్గరికి పోవద్దమ్మా. ప్రైవేటు ఉద్యోగం, ఒక్క కాగితంతో పోతుంది. సారుతోనే నేరుగా మాట్లాడండి. చేతులెత్తమన్న సంగతే మాట్లాడండి.

జవాబు (నెల్లూరు, ప్రైవేటు స్కూలు టీచరు)

మాస్టారు చెప్పినదంతా బాగుంది, కానీ అది సర్కారు ఉద్యోగం ఉన్నవాళ్ల మాట సార్. ఆ 1964 నియమాలు మాకు వర్తించవు, ఆ ఉద్యోగ భద్రతా మాకు లేదు. నేను ఇంతకుముందు చేసిన ఒక స్కూల్లో, కరెస్పాండెంటుకి కావలసిన నాయకుడు వస్తున్నాడని ఎండలో పిల్లలని రోడ్డు పక్కన నిలబెట్టారు. పూలు చేతికిచ్చి చల్లించింది మేమే. టీచరు సొంత అభిప్రాయం గురించి ఇంత చర్చ జరుగుతుంది, యాజమాన్యం అభిప్రాయాన్ని మా చేత చెప్పించడం గురించి ఎవరూ అడగరు.

అంబేడ్కర్ జయంతికి ముందు రోజు ఆయన చదువు గురించి, క్లాసులో ఆయన్ని విడిగా కూర్చోబెట్టడం గురించి ఆరో తరగతికి చెప్పాను. సాయంత్రానికి ఒక పేరెంట్ ఆఫీసుకి ఫోన్. "చిన్నపిల్లలకి కులం ఎందుకు నూరిపోస్తున్నారు" అని. నన్ను పిలిచి, ఇకనుంచి సిలబస్ మాత్రమే అన్నారు. నేను మళ్లీ ఏడాది కూడా చెప్పాను. చెబుతూనే ఉంటాను. కానీ భయంగానే చెబుతాను, ఎవరి సంచిలో ఫోన్ రికార్డు అవుతుందో తెలియదు.

ఒంగోలు అక్కా, మీకు నాదొక విన్నపం. పేరెంట్స్ మీటింగుకి వచ్చినప్పుడు ర్యాంకుల గురించే కాకుండా, సోషల్ క్లాసులో పిల్లల్ని మాట్లాడనిస్తున్నారా అని కూడా అడగండి. మీరు అడిగితే మాకు బలం.

జవాబు (సింగరాయకొండ, ప్రస్తుతం జర్మనీలో స్టుట్‌గార్ట్)

నేనుండే చోటికి దగ్గర్లోనే బాయ్‌టెల్స్‌బాఖ్ అనే ఊరుంది. 1976లో పౌరశాస్త్రం బోధించే పండితులు అక్కడ కూర్చుని ఒక ఒప్పందానికి వచ్చారు, ఇక్కడి టీచర్లు ఇప్పటికీ దాన్నే చెప్పుకుంటారు. విద్యార్థి మీద అభిప్రాయం రుద్దకూడదు, సమాజంలో వివాదంగా ఉన్నది క్లాసులో కూడా వివాదంగానే కనిపించాలి, విద్యార్థి తన ప్రయోజనం ఏమిటో తనే ఆలోచించుకోగలగాలి. ఇది చట్టం కాదు. హిట్లర్ కాలంలో బడులు ఏమయ్యాయో చూసినవాళ్లు తర్వాత పెట్టుకున్న కట్టుబాటు. దీని ప్రకారం టీచరుకి అభిప్రాయం ఉండకూడదని కాదు. మాస్టారు చెప్పినదానికి ఇది దగ్గరగా ఉందనిపించి రాశాను.

మళ్లీ ప్రశ్న అడిగిన తల్లి

అందరికీ నమస్కారం. శనివారం సారుతో మాట్లాడాను. ఫీజు కట్టిన సంగతి చెప్పాను. ఆయన చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "పథకాల మీద నా అభిప్రాయం మారదమ్మా, నాకు ఇద్దరు పిల్లలు, రేపు వాళ్లకి ఉద్యోగాలుంటాయో లేదోనని నా భయం నాది. కానీ చేతులెత్తమని ఇక అడగను" అన్నారు. వచ్చేవారం ఇదే విషయం మీద వ్యాసం రాసుకురమ్మని క్లాసుకి చెప్పారట. మావాడు పథకం కావాలని రాస్తానంటున్నాడు. సారుకి నచ్చదేమో, మార్కులు తగ్గిస్తారేమో అని వాళ్ల నాన్న భయం. ఏం రాయమంటారు మాస్టారూ?

జవాబు (రిటైర్డ్ సోషల్ మాస్టారు)

ఆయన తన భయం మీకు చెప్పుకున్నాడు చూశారా, అదే మాట క్లాసులో అట్లాగే చెప్పి ఉంటే పిల్లకాయలకి ఎంతో ఉపయోగపడేది.

వాడికి నచ్చిందే రాయమనండి. మీ ఇంటి లెక్క అందులో పెట్టాలా వద్దా అనేది వాడి ఇష్టం, మీరు బలవంతం చేయొద్దు. పెట్టదలిస్తే వివరంగా పెట్టమనండి: ఏడాది ఫీజు ఎంత, పథకం నుంచి వచ్చింది ఎంత, మిగతాది ఎక్కడి నుంచి కట్టారు. పెట్టకపోతే మధ్యాహ్న భోజనం, రేషను బియ్యం చాలు. సారు చెప్పిన అప్పుల వాదన కూడా ఒక పేరా రాయాలి, దాన్ని తేలిక చేయకుండా రాయాలి. రాష్ట్ర బడ్జెట్ కాగితాలు ఆర్థికశాఖ వెబ్‌సైట్లో ఉంటాయి. ఏడాదికి వడ్డీల కింద ఎంత పోతోంది, చదువుకి ఎంత పెడుతున్నారు అనే రెండు అంకెలు వెతికి రాస్తే చాలు, అంకెల పక్కన ఏ సంవత్సరమో రాయడం మరవొద్దు.

పేపరు దిద్ది ఇచ్చాక వాడు సరేనంటే పేరు కనపడకుండా ఫోటో తీసి ఇక్కడ పెట్టండి. సారు ఎర్ర ఇంకుతో ఏం రాశారో కూడా చూడాలని ఉంది.