నిజాం స్వతంత్ర రాజే కదా, మరి సికింద్రాబాద్‌లో ఇంగ్లీషు పటాలాలు అన్నేళ్లు ఎలా ఉన్నాయి?

తిరుమలగిరి వాసి:
కంటోన్మెంట్ గోడల పక్కనే పెరిగాను. లష్కర్ అంటే సైన్యం అని, అందుకే మా వైపు ఆ పేరు వచ్చిందని ఇంట్లో పెద్దవాళ్లు చెప్పేవారు. ఈ మధ్య చరిత్ర చదువుతుంటే ఒక డౌట్ వదలడం లేదు. హైదరాబాద్‌ను ఇంగ్లీషువాళ్లు యుద్ధం చేసి గెలుచుకోలేదు, నిజాంకు సొంత నాణెం, సొంత సైన్యం ఉన్నాయి. అలాంటిది హుస్సేన్‌సాగర్ అవతలి గట్టునే పరాయి సైన్యం మకాం వేస్తే ఎలా ఊరుకున్నారు? ఎవరు రమ్మన్నారు, ఖర్చు ఎవరు పెట్టుకున్నారు?

మూసీ ఒడ్డు:
రమ్మన్నది నిజామే అండి. 1795లో ఖర్దా దగ్గర నిజాం అలీ ఖాన్ మరాఠాల చేతిలో ఓడిపోయాడు, ఇంగ్లీషువాళ్లు సాయానికి రాలేదు. ఆ కోపంతో వాళ్ల పటాలాలను పంపేసి ఫ్రెంచి సేనాని రేమండ్ దళాన్ని పెంచాడు (మూసారాంబాగ్ పేరు ఆయన వల్లే వచ్చిందంటారు, సమాధి ఇప్పటికీ మలక్‌పేట వైపు గుట్ట మీద ఉంది). 1798 మార్చిలో రేమండ్ పోయాడు. సెప్టెంబరు 1కల్లా ఒప్పందం అయిపోయింది: ఇంగ్లీషువాళ్ల ఈస్టిండియా కంపెనీ పటాలాలు ఆరు శాశ్వతంగా ఇక్కడే ఉంటాయి, నిజాం ఏటా 24,17,100 రూపాయలు కట్టాలి, ఫ్రెంచి దళాన్ని రద్దు చేయాలి. అక్టోబరులో దాదాపు 14 వేల మంది ఆ దళం సిపాయిల చేత ఆయుధాలు దింపించారు. 1800లో ఇంకో ఒప్పందంతో పటాలాలు ఎనిమిదయ్యాయి, కంపెనీకి చెప్పకుండా వేరే రాజ్యంతో మాట్లాడే హక్కు కూడా పోయింది. నా లెక్కలో స్వతంత్రం అక్కడితోనే అయిపోయింది. 1806లో ఆ మకాంకు అప్పటి నిజాం సికందర్ జా పేరు పెట్టడం తర్వాతి ముచ్చట.

అనంతపురం రైతుబిడ్డ:
ఖర్చు ఎవరిదని అడిగారు కదా, మాది. మా జిల్లాలను చాలాకాలం దత్త మండలాలు అనేవారు, ఆ మాట ఎక్కడిదో చాలామందికి తెలియదు. టిప్పు రాజ్యం నుంచి 1792లో, 1799లో తన వాటాకు వచ్చిన బళ్లారి, అనంతపురం, కడప, కర్నూలులో కొంత భాగం, ఇవన్నీ 1800 అక్టోబరు 12న నిజాం కంపెనీకి రాసిచ్చేశాడు, ఏటా డబ్బు కట్టే బాధ తప్పుతుందని. అంటే సికింద్రాబాద్‌లో సిపాయి జీతం మా రైతు కట్టిన శిస్తే. ఆ శిస్తు వసూలుకే థామస్ మన్రో కలెక్టరుగా వచ్చి 1807 దాకా ఉన్నాడు, పాళెగాళ్లను అణిచాడు. మన్రో గురించి మా వైపు ఇప్పటికీ మంచిమాటే వినిపిస్తుంది, నేను కాదనను. కానీ ఊళ్లకు ఊళ్లు చేతులు మారుతుంటే మమ్మల్ని అడిగిన పాపాన ఎవరూ పోలేదు, నా బాధ అది. 1928లో నంద్యాల సభలో చిలుకూరి నారాయణరావు గారు రాయలసీమ అనే పేరు సూచించేదాకా ఆ దత్త మాటే మోశాం.

బొల్లారం బస్సు:
ఒక సవరణ. సికింద్రాబాద్‌లో ఉన్న కంపెనీ సైన్యం వేరు, బొల్లారంలో ఉన్న హైదరాబాద్ కంటింజెంట్ వేరు. రెండోది పేరుకు నిజాం సైన్యమే, అధికారులు మాత్రం ఇంగ్లీషువాళ్లు. దాని జీతాల బాకీ పెరిగిపోయిందని 1853లో బేరార్, రాయచూరు దోవాబ్, నల్‌దుర్గ్ రాయించుకున్నారు. చివరి రెండూ 1860లో తిరిగొచ్చాయి, బేరార్ రాలేదు. 1902లో వైస్రాయి కర్జన్ దాన్ని ఏటా 25 లక్షలకు శాశ్వత కౌలు కింద తీసుకున్నాడు. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ జనంతో కోఠీలో రెసిడెన్సీ (ఇంగ్లీషు ప్రతినిధి ఉండే భవనం) మీదికి వెళ్లినప్పుడు వాళ్లను ఆపింది కూడా మనం జీతాలిచ్చి పోషించిన ఇలాంటి సైన్యమే. అది తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

తిరుమలగిరి వాసి:
అందరికీ థాంక్స్. అనంతపురం అన్నా, ఆ జిల్లాలు మాకోసం పోయాయని ఇన్నాళ్లూ తెలియదు, నిజంగా. మరి చివరికి ఖాళీ ఎప్పుడు చేశారు?

మూసీ ఒడ్డు:
1947 ఆగస్టు తర్వాత అక్కడున్నది భారత సైన్యం. నవంబరు 29న నిజాంతో భారత ప్రభుత్వం చేసుకున్న యథాతథ ఒప్పందం ప్రకారం 1948 మొదట్లో అది వెళ్లిపోయింది. సెప్టెంబరు 13న నలువైపుల నుంచి మళ్లీ వచ్చింది, 17న నిజాం లొంగిపోయాడు. మీ ఇంటి పక్క గోడల వెనక ఇప్పుడున్నది ఆ సైన్యమే.