చూడి పందులకు మునగాకు, సుబాబుల్, అజొల్లా: ఎంతవరకు పెట్టొచ్చు?

పత్తికొండ_షెడ్డు:
అన్నలకు నమస్కారం. యార్క్‌షైర్ ఆడపందులు పది ఉండాయి. నాలుగు చూడివి, మూడు ఈనినవి. వంద కిలోల దాణాలో సజ్జలు 55, తవుడు 20, బుడ్డల (వేరుశనగ) చెక్క 22.5, మినరల్ మిక్చర్ 2, ఉప్పు అర కిలో కలుపుతున్నాం. మునగాకు, సుబాబుల్, అజొల్లా (నీళ్లల్లో తేలే నాచులాంటి మొక్క) మా చేన్లోనే దొరుకుతాయి. వీటితో చెక్క తగ్గించుకోవచ్చా? ఈనినవాటికి పాలు చాలడం లేదు, పొదుగే నిండలేదు. మెంతులు ఎన్ని గ్రాములు పెట్టాల?

పశువైద్యం_పులివెందుల:
సుబాబుల్ పెడుతుంటే ఈరోజే ఆపేయండి అన్నా. అందులోని మైమోసిన్ అనే విషం థైరాయిడ్‌ను దెబ్బతీస్తుంది, వెంట్రుకలు రాలతాయి, కడుపులోని పిల్లలకు ప్రమాదం.

మెంతుల సంగతి తర్వాత, ముందు సజ్జలు చూడండి. జ్వరం లేదు, పొదుగు గట్టిపడలేదు, అయినా నిండలేదంటే సజ్జ కంకులకు వచ్చే తేనెబంక తెగులు (ఎర్గాట్) గింజలను అనుమానించాల. ఆ గింజల్లోని విషం, పాలు తయారవడానికి కావాల్సిన ప్రోలాక్టిన్ అనే హార్మోన్‌ను అణిచేస్తుంది. పిడికెడు సజ్జలు తెల్లగుడ్డ మీద పరచండి. మామూలు గింజ కంటే పొడుగ్గా, నల్లగా, మొన తేలినవి కనిపిస్తే అవే. 10 లీటర్ల నీళ్లలో 2 కిలోల ఉప్పు కరిగించి గింజలు పోస్తే అవి పైకి తేలతాయి, తీసి పారేయండి. అడుగున ఉన్న మంచి గింజల్ని మాత్రం మూడుసార్లు మంచినీళ్లతో కడిగి ఎండబెట్టాల, పందికి ఉప్పు ఎక్కువైతే అదో విషం. పిండి పట్టించినాక వేరు చేయలేం. ఈనడానికి నెల ముందు నుంచి అనుమానం ఉన్న సజ్జలు వద్దు, మొక్కజొన్న వాడండి. పొదుగు వేడిగా, గట్టిగా ఉండి మేత మానేస్తే అది వేరే జబ్బు, డాక్టరును పిలవండి. పిల్లలు ఆకలితో ఉంటే ఆగకుండా పోతపాలు పట్టండి.

దాణా_లెక్క_తాడిపత్రి:
అజొల్లాలో నూటికి 93 పాళ్లు నీళ్లే. కిలో పెడితే వచ్చే మాంసకృత్తులు 15 గ్రాములు. ఎనిమిది పిల్లలున్న తల్లికి రోజుకు 2 కిలోలు, పిల్లకు అర కిలో చొప్పున మరో 4 కిలోలు, మొత్తం 6 కిలోల దాణా కావాల. అందులో మాంసకృత్తులే కిలో దాకా ఉండాల. పాలిచ్చే తల్లి కడుపును పచ్చిమేతతో నింపితే దాణాకు చోటుండదు. రోజుకు 2 నుంచి 2.5 కిలోల దాణా తినే చూడి పందికైతే కిలో, కిలోన్నర పచ్చిమేత మేలే. కడుపు నిండుతుంది, మలబద్ధకం రాదు.

మునగాకు మంచిదే. నీడన ఆరబెట్టి, పిడికిట్లో నలిపితే పొడి కావాల, మెత్తగా ఉంటే బూజు పడుతుంది. ఈ పొడి వంద కిలోల దాణాకు 5 కిలోలు వేసి, చెక్క 2.5, తవుడు 2.5 తగ్గించండి. అంతకు మించి తగ్గించొద్దు. బుడ్డల చెక్కలో లైసిన్ (మాంసకృత్తుల్లో ఉండే ఒక అమైనో ఆమ్లం) తక్కువ, పాలిచ్చేవాటి వంద కిలోల దాణాలో ఎల్-లైసిన్ 300 గ్రాములు కలపండి. తడి తగిలిన చెక్క కొనొద్దు. బూజు విషం పాలల్లోకి దిగి పిల్లల్ని కుంగదీస్తుంది.

మెంతులు పొడి చేసి వంద కిలోలకు 200 గ్రాములు, ఈనడానికి వారం ముందు నుంచి. మేత, నీళ్లు చాలకపోతే మాత్రం ఇవేం చేయలేవు. తల్లికి రోజుకు 25, 30 లీటర్లు కావాల. పంది నీళ్లు తాగే పైపు నిప్పుల్ కింద లీటరు సీసా పెట్టండి, అర నిమిషంలో నిండాల. మన ఎండలకు పైపు పైన పరిచి ఉంటే నీళ్లు కాలతాయి, పంది ముట్టదు. గోనెపట్టా చుట్టండి, లేదా మట్టిలో పూడ్చండి. మేత తెల్లారి ఐదింటికి, రాత్రి ఎనిమిదికి వేస్తే తింటుంది.

పత్తికొండ_షెడ్డు:
గింజలు నల్లవి కనబడినాయి అన్నా. ఇంకోటి, ఆదోనిలో పత్తి చెక్క చౌకగా దొరుకుతాది, వేయొచ్చా?

పశువైద్యం_పులివెందుల:
చూడివాటికి, పాలిచ్చేవాటికి వద్దు. పత్తి గింజలోని గాసిపాల్ అనే విషం లోలోపల పేరుకుని గుండెను దెబ్బతీస్తుంది. వారాల తరబడి ఏమీ కనబడక, ఉన్నట్టుండి ఆయాసంతో పడిపోతాయి. గేదెలు ఓర్చుకుంటాయి, పందులు ఓర్వవు. ఆ నల్ల గింజలున్న సజ్జలతో కలిపిపెట్టిన దాణా ఉంటే అమ్మకానికి పెంచే పందులకు కూడా వేయొద్దు, పూడ్చేయండి.